పత్తి మొక్క చేతకానిది కాదు

పత్తికి పురుగు పడితే ఏం చేయాలన్న ప్రశ్నకు మన దగ్గర ఏళ్ల తరబడి ఒకటే జవాబు నడుస్తోంది: పడేదాకా ఆగొద్దు. మొక్కలోని ప్రతి కణంలో, ప్రతి రోజూ, పురుగు ఉన్నా లేకున్నా విషం సిద్ధంగా ఉండాలి. విత్తనంలో పెట్టగలిగితే విత్తనంలో, లేకుంటే స్ప్రేయర్‌లో. స్టేషన్ ఘన్‌పూర్‌లో మందుల దుకాణం ముందు నిలబడ్డ కౌలు రైతు చెవిన పడే మాట ఇదే. బీటీ పత్తి పనిచేయడం మానేసింది కాబట్టి ఇంకో జన్యువు తెండి అని సదస్సుల్లో వాదించేవారి మాటల అడుగున ఉన్నదీ ఇదే. నిరంతరం పనిచేసే రక్షణ బలమైనదనీ, అవసరం వచ్చినప్పుడు మేల్కొనే రక్షణ బలహీనమనీ అటు దుకాణదారులూ ఇటు సదస్సుల్లో వాదించేవారూ నమ్ముతున్నారు. ఆ నమ్మకం తప్పు. ఎంత తప్పో చూపించడానికి నినాదాలు అక్కర్లేదు. జీవశాస్త్రం చాలు, మన ఓరుగల్లు పత్తి చరిత్ర చాలు.

జన్యుమార్పిడి అన్న మాట వింటేనే ఉలిక్కిపడేవారి పక్షాన నేను లేను. బీటీ జన్యువు మీద నాకు కోపం లేదు. దాన్ని ఆపే వీలు లేకుండా, ఎక్కడ పడితే అక్కడ, ఎల్లవేళలా నడిపించిన తీరు మీదే నా అభ్యంతరమంతా.

ఏ జీవిలోనైనా జన్యువుల పనితీరు స్థూలంగా రెండు రకాలు. కొన్ని ఎప్పుడూ నడుస్తుంటాయి. కణం రోజువారీ బతుకుకు కావలసిన ప్రొటీన్లు వాటి నుంచి వస్తాయి. దీన్ని నిత్య వ్యక్తీకరణ అందాం. మరికొన్ని సంకేతం అందితేనే నడుస్తాయి, అది పోగానే ఆగుతాయి. అది ప్రేరిత వ్యక్తీకరణ. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో దీని కీలకాన్ని 1961లో విప్పి చూపారు. మన పేగుల్లో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియా పాల చక్కెరను విడగొట్టే ఎంజైమును మామూలుగా దాదాపు తయారు చేయదు. ఒక నిరోధక ప్రొటీను డీఎన్‌ఏకు అతుక్కుని ఆ జన్యువును అడ్డుకుంటుంది. పాల చక్కెర లోపలికి రాగానే ఆ ప్రొటీను పట్టు వదిలేస్తుంది, ఎంజైము ఉత్పత్తి దాదాపు వెయ్యి రెట్లు పెరుగుతుంది. ఈ పనికి వారిద్దరికీ ఆంద్రె ల్వోఫ్‌తో కలిపి 1965లో నోబెల్ బహుమతి వచ్చింది.

నిరోధక ప్రొటీను చెడిపోయిన బ్యాక్టీరియాలను కూడా వాళ్లు పరిశీలించారు. అవి చక్కెర ఉన్నా లేకున్నా ఎంజైమును తయారు చేస్తూనే ఉంటాయి. ఎప్పుడూ సిద్ధంగా ఉండటమే గొప్ప అయితే ఈ లోకంలో అవే మిగలాలి. మిగిలింది మాత్రం అడ్డుకట్ట ఉన్న బ్యాక్టీరియా. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ఎరెజ్ డెకెల్, ఉరి అలోన్ 2005లో దీని ఖర్చును కొలిచారు: అవసరం లేకుండా ఆ ప్రొటీన్లు తయారు చేసే బ్యాక్టీరియా ఎదుగుదల నాలుగైదు శాతం తగ్గింది. గంటల లెక్కన తరాలు మారే జీవికి ఆ వెనకబాటు అంటే కొద్ది వారాల్లో పోటీలోంచి తప్పుకోవడమే.

ఇది తిండి సంగతి, రక్షణ సంగతి వేరు అంటారేమో. వేరు కాదు. అరాబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు చిన్న మొక్కలో ఒక తెగులును గుర్తుపట్టే ఆర్‌పీఎం1 అనే జన్యువు ఉంది. షికాగో విశ్వవిద్యాలయంలో జాయ్ బెర్గెల్సన్ బృందం 2003లో ఆ జన్యువు ఉన్న మొక్కలనూ లేని మొక్కలనూ తెగులు లేని పొలంలో పక్కపక్కన పెంచింది. జన్యువు ఉన్న మొక్కలకు విత్తనాలు తొమ్మిది శాతం తక్కువ వచ్చాయి. అదే మొక్కలో రక్షణ జన్యువులు ఆగకుండా నడిచే మ్యూటెంట్లు కూడా ఉన్నాయి. అవి తెగులును బాగానే తట్టుకుంటాయి గానీ గిడసబారి, మరుగుజ్జుగా మిగిలిపోతాయి. మన ఒంటికీ ఇదే వర్తిస్తుంది. కరోనా కాలంలో ఇమ్యూనిటీ పెంచుతామంటూ ఊరూరా అమ్మిన పొడులూ కషాయాలూ ఇదే నమ్మకం మీద బతికాయి. ఆగాల్సిన చోట ఆగని రోగనిరోధక వ్యవస్థ కీళ్లను తింటుంది, మూత్రపిండాలను తింటుంది. కీళ్లవాతంతో బాధపడే మనిషికి కావలసింది దాన్ని ఇంకా ఎగదోయడం కాదు, నిలువరించడం.

ఇక బీటీ దగ్గరికి వద్దాం. బీటీ అంటే బాసిల్లస్ థురింజియెన్సిస్, మట్టిలో దొరికే బ్యాక్టీరియా. 1901లో జపాన్‌లో పట్టుపురుగుల రోగం వెనక ఇషివతా దీన్ని గుర్తించారు. పదేళ్ల తర్వాత జర్మనీలోని థురింజియాలో బెర్లినర్ మళ్లీ కనుగొన్నారు, ఆ ప్రాంతం పేరే దీనికి మిగిలింది. ఇది చేసే క్రై 1ఏసీ ప్రొటీను శనగపచ్చ పురుగు పేగు గోడలకు రంధ్రాలు పొడుస్తుంది. పత్తికి ఇచ్చింది ఆ ప్రొటీను జన్యువునే. మరి దాని అసలు సొంతదారు ఈ విషాన్ని ఎప్పుడు తయారు చేస్తుంది? హాయిగా పెరుగుతున్నంత కాలం చేయదు. తిండి అయిపోయి, సిద్ధబీజంగా మారే దశ వచ్చి, ఆ దశకే ప్రత్యేకమైన సిగ్మా ప్రొటీన్లు ఆదేశిస్తేనే చేస్తుంది. ఎన్నో యుగాలుగా ఈ విషంతో బతికిన జీవి కూడా దాన్ని నిరంతరం చేయడం లేదన్న ఈ ఒక్క వాస్తవం మనల్ని ఆలోచనలో పడేయాల్సింది.

మనం ఆలోచించలేదు. ఆ కట్టుబాటును తీసేసి, కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తెచ్చిన 35ఎస్ అనే ప్రమోటర్‌ను (జన్యువు ఎప్పుడు, ఎక్కడ నడవాలో చెప్పే భాగాన్ని), అందులోనూ బలం పెంచిన రూపాన్ని, జన్యువు ముందు అతికించాం. వైరస్‌కు తాను చేరిన మొక్క క్షేమంతో పనిలేదు. ఏ కణంలో పడ్డా, పగలైనా రాత్రైనా, దానికి కావలసింది తన ఉత్పత్తి. అందుకే దాని ప్రమోటర్ వేరులో, కాండంలో, ఆకులో, పువ్వులో అంతటా నడుస్తుంది. 2002 మార్చిలో కేంద్రం అనుమతించిన బోల్‌గార్డ్ పత్తి అలా తయారైందే. 2006లో వచ్చిన బోల్‌గార్డ్-2లో చేర్చిన క్రై 2ఏబీ జన్యువు ముందు ఉన్నదీ అదే ప్రమోటర్.

దీన్ని సమర్థించేవారు మొట్టమొదట చెప్పే మాట: పత్తి సుకుమారం, తనను తాను కాపాడుకోలేదు, అందుకే మనం విషం పెట్టాల్సి వచ్చింది. ఈ వాదం మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఎందుకంటే మొక్కలు దెబ్బ తిన్నాక రక్షణ పెంచుకుంటాయన్న శాస్త్రం పుట్టి పెరిగిన మొక్కల్లో పత్తి ఒకటి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ కార్బన్, జేమ్స్ కేరీ 1984లో పత్తి మొలకల మీద కొద్దికాలం ఎర్రనల్లిని వదిలి, తర్వాత తీసేశారు. అదే మొక్కల మీదకు మళ్లీ నల్లిని వదిలితే, మొదటి దెబ్బ తినని మొక్కల మీద పెరిగినంతగా అది పెరగలేదు. మూడేళ్ల తర్వాత కార్బన్ బృందం ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి చూపింది: నల్లి తగిలిన మొలకలకు వెర్టిసిల్లియం ఎండు తెగులు తక్కువ సోకింది, తెగులు తగిలిన మొలకల మీద నల్లి తక్కువ పెరిగింది. ఒక శత్రువు తాకితే మొక్క ఇంకో శత్రువుకు కూడా సిద్ధమవుతోందన్నమాట. చేతకాని మొక్క చేసే పనేనా ఇది?

పత్తి ఆకు మీద, కాయ మీద నల్లటి చుక్కలు ప్రతి రైతూ చూసినవే. అవి గాసిపోల్ వంటి చేదు పదార్థాలు దాచుకున్న గ్రంథులు. కొన్ని గ్రంథులు పుట్టుకతోనే ఉంటాయి. పురుగు కొరికితే కొత్తగా వచ్చే లేత ఆకుల్లో వాటిలోని విషం పెరుగుతుంది. అంటే దెబ్బ తిన్న ఆకును వదిలేసి, రేపు దెబ్బ తినబోయే ఆకును మొక్క గట్టి చేసుకుంటుంది. ఆకు అడుగున ఈనె మీద తేనె ఊరే చిన్న గ్రంథి ఉంటుంది. పువ్వులో ఉండే మకరందం కాదిది. పురుగు ఆకు తింటే ఆ తేనె ఊట పెరుగుతుంది, దాని కోసం చీమలూ, పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే సన్నటి కందిరీగలైన బదనికలూ వస్తాయి, వచ్చిన చీమ పురుగును వదలదు. కూలి తేనె రూపంలో, అదీ పని ఉన్నప్పుడే.

అంతకంటే గొప్పది వాసన. ఆకును బ్లేడుతో కోస్తే పచ్చి వాసన వెంటనే వస్తుంది, వెంటనే పోతుంది. పురుగు నములుతుంటే కొన్ని గంటల తర్వాత మొక్క టెర్పీనులనే వేరే వాసనలు కొత్తగా తయారు చేసి వదులుతుంది. కొరికిన ఆకు నుంచే కాక, ముట్టని ఆకుల నుంచి కూడా. ఆ వాసన పట్టుకుని బదనికలు వస్తాయి. 1998లో కన్సుయెలో డి మొరేస్, జేమ్స్ టంలిన్సన్, వారి సహచరులు ప్రచురించిన పని చూడండి. పొగాకు, పత్తి, మొక్కజొన్న మొక్కల మీద రెండు దగ్గరి బంధువులైన పురుగులను వదిలారు. అందులో ఒకటి మన శనగపచ్చ పురుగుకు అమెరికాలోని దాయాది. రెండింటిలో ఒకే పురుగు మీద బతికే ఒక జాతి బదనిక ఉంది. అది తనకు కావలసిన పురుగు తింటున్న మొక్క దగ్గరికే ఎక్కువగా వెళ్లింది. పురుగులను తీసేసి, కొరికిన ఆకులను తుంచేసినా ఆ మొక్కనే వెతుక్కుంటూ వెళ్లింది. తనను తింటున్నది ఏ పురుగో పత్తి మొక్క పసిగట్టి, ఆ కబురును గాలిలోకి వదులుతోంది, ఆ కబురు చదవగల కందిరీగ దాన్ని చదువుతోంది.

నేను చెప్పదలచిన అసలు సంగతి ఇక్కడ ఉంది. రక్షణ అంటే విషం నిల్వ మాత్రమే అనుకుంటున్నాం. రక్షణలో సగం పసిగట్టడం. ఎవరు వచ్చారు, ఎంతమంది వచ్చారు, ఎక్కడ కొరికారు, ఇప్పుడు పోయారా అన్న సమాచారం లేని రక్షణ సగం రక్షణే. నిత్య విషం ఈ సగాన్ని పనికిరానిదిగా చేస్తుంది. రాత్రంతా మొరిగే కుక్క ఉన్న ఇంట్లో దొంగ పడ్డ రోజున ఎవరూ నిద్ర లేవరు.

ఇది ఊహ కాదు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు స్టెఫెన్ హాగెన్‌బూహర్, యోర్గ్ రోమైస్ బృందం 2013లో బీటీ పత్తినీ మామూలు పత్తినీ పోల్చింది. బీటీ పత్తి మీద కాయతొలుచు పురుగులు బతకలేదు కాబట్టి ఆకులకు దెబ్బ తగల్లేదు, కాబట్టి మొక్క తన సొంత టెర్పీనులను పెంచుకోలేదు. ఆ మెత్తబడ్డ మొక్క మీద, బీటీ విషం పనిచేయని పేనుబంక గాజు ఇంట్లో మరింత బాగా పెరిగింది. బయట పొలంలో ఈ సంబంధం అంత స్పష్టంగా కనబడలేదని వాళ్లే రాశారు, నేనూ దాన్ని దాచను. అయినా దారి తెలిసింది: మనం పెట్టిన విషం మొక్క తనంత తాను చేసుకునే పనిని నిద్రపుచ్చగలదు. బీటీ పత్తి వచ్చిన తర్వాత మన చేలల్లో పేనుబంకకు, పచ్చదోమకు, తెల్లదోమకు, పిండినల్లికి కొట్టే మందులు ఎలా పెరిగాయో రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. కేశవ్ క్రాంతి, గ్లెన్ డేవిస్ స్టోన్ 2020లో దేశం మొత్తం లెక్కలు చూసి, పురుగు మందుల మీద రైతు పెడుతున్న ఖర్చు బీటీకి ముందున్న స్థాయిని కూడా దాటిందని తేల్చారు.

ఆ స్టోన్ మన ప్రాంతానికి తెలిసినవాడే. అమెరికాకు చెందిన ఈ మానవశాస్త్రవేత్త వరంగల్ జిల్లా పత్తి ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగి, 2007లో ప్రచురించిన వ్యాసంలో ఒక చేదు నిజం చెప్పాడు. రైతులు ఏ విత్తనం ఎందుకు కొంటున్నారో తమ చేను చూసి నిర్ణయించుకోవడం లేదు, ఊరంతా ఏది కొంటే అది కొంటున్నారు, మరుసటి ఏడు ఊరంతా ఇంకోదానికి మారుతున్నారు. విత్తనాల పేర్లు అంత వేగంగా మారుతుంటే, పురుగు రాకపోకలు అంత అయోమయంగా ఉంటే, చేను నుంచి నేర్చుకునే తీరే తెగిపోతుందన్నది అతని వాదం. దాన్ని రైతు తెలివితక్కువతనంగా చదివినవాళ్లు తప్పు చదివారు. చూడనక్కర్లేదని ఇరవై ఏళ్లు చెప్పి, తర్వాత చూడలేదని నిందించడం న్యాయం కాదు. లోపల విషం ఎప్పుడూ ఉందని చెప్పాక ఆకు తిప్పి చూసేదెవరు?

పైనుంచి కొట్టే మందులో కూడా ఇదే కథ ముందే నడిచింది. తారీఖు చూసి, పురుగును చూడకుండా, వారానికో పదిరోజులకో ఒక డబ్బా కొట్టడం చేత్తో చేసే నిత్య వ్యక్తీకరణే. కృత్రిమ పైరిత్రాయిడ్ మందులు వచ్చిన కొద్ది ఏళ్లకే, 1987లో, ఆంధ్రప్రదేశ్ పత్తి చేలలో శనగపచ్చ పురుగు వాటిని తట్టుకుంటోందని తేలింది. గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఆ ఏడు కుదేలయ్యాయి. పదేళ్లకు, 1997-98లో, ఆ పాఠం ఓరుగల్లుకు వచ్చింది. పొగాకు లద్దె పురుగు దండు కట్టింది, ఎన్నిసార్లు కొట్టినా చావలేదు, అప్పు చావలేదు, రైతులు చనిపోయారు. ఆ మందుల్లో చాలా భాగం పురుగు కంటే ముందు అక్షింతల పురుగులను, అల్లిక రెక్కల పురుగులను, సాలీళ్లను, బదనికలను చంపింది. పత్తి మొక్క గాలిలోకి వదిలిన కబురు అందుకోవడానికి చేలో ఎవరూ మిగల్లేదు.

ఆ గాయం మీదకే బీటీ వచ్చింది. ఇప్పుడు ప్రత్యర్థుల బలమైన మాటకు రావాలి: బీటీ శనగపచ్చ పురుగును అణిచింది, దాని కోసం కొట్టే మందులు తగ్గాయి. నిజమే, నిండు మనసుతో ఒప్పుకుంటాను. ఆ తొలి ఏళ్ల ఊరట అబద్ధం కాదు. అసలు జీవక్రియ ఖర్చు విషయంలో కూడా బీటీ జన్యువు వల్ల పత్తి మొక్క బాగా నష్టపోయిందని నేను అనను. ఆ ప్రొటీను పరిమాణం చిన్నది. నిత్య రక్షణ అసలు ఖర్చు మొక్క లోపల కాదు, పొలంలో, పురుగుల తరాల్లో పడుతుంది. ప్రతి ఆకూ, ప్రతి రోజూ, దేశంలో తొంభై శాతానికి మించిన పత్తి విస్తీర్ణంలో ఒకే విషం ఉంటే, దాన్ని తట్టుకునే అరుదైన పురుగుకు తప్ప మరొకదానికి సంతానం ఉండదు. ఎవరూ కావాలని పెంచకుండానే తట్టుకునే పురుగు జాతిని మనం పెంచాం.

గులాబీ రంగు పురుగు అలా వచ్చిందే. గుజరాత్‌లో అమ్రేలీ, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో అది క్రై 1ఏసీని తట్టుకుంటోందని 2010లో ఆ జన్యువును పత్తిలో పెట్టిన మోన్‌శాంటో కంపెనీయే ప్రకటించింది. 2014, 2015 నాటికి గుజరాత్‌లో బోల్‌గార్డ్-2ను కూడా దాటింది. 2017 నాటికి మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ గుడ్డి పూలు (పురుగు పడి విచ్చుకోని పూలు), రంగు మారిన పత్తి, లోపల గింజ తినేసిన కాయలు. తొలి జన్యువు నిలిచింది ఎనిమిదేళ్లు, రెండు కలిపినది ఇంచుమించు అంతే.

ఇందులో ఇంకో దారుణం ఉంది. నిత్యం అని చెప్పినది నిజంగా నిత్యం కూడా కాదు. నాగ్‌పూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థలో క్రాంతి బృందం 2005లో కొలిస్తే, క్రై 1ఏసీ ఆకుల్లో ఎక్కువ, పువ్వు అండాశయంలో, కాయ తొక్కలో బాగా తక్కువ ఉంది. విత్తిన 110 రోజుల నాటికి పురుగును చంపాల్సిన మోతాదు కంటే కిందికి దిగిపోయింది. కాపాడాల్సింది కాయను, విషం ఎక్కువ ఉన్నది ఆకులో. పైగా మన దగ్గర అమ్మేవి దాదాపు అన్నీ హైబ్రిడ్లు. హైబ్రిడ్ మొక్కలో బీటీ జన్యువు ఒకే తల్లిదండ్రి నుంచి వస్తుంది కాబట్టి దాని కాయలోని గింజల్లో నాలుగింట ఒకదానిలో ఆ జన్యువు ఉండదు. రెండు జన్యువుల పత్తిలో కొన్ని గింజల్లో రెండూ, కొన్నింటిలో ఒకటి, పదహారింట ఒకదానిలో ఏదీ ఉండదు. గులాబీ రంగు పురుగు బతికేది గింజ మీదే. ఒకే కాయలో విషం లేని గింజ, సగం విషం ఉన్న గింజ, పూర్తి విషం ఉన్న గింజ పక్కపక్కన పెట్టి పురుగుకు మెట్టుమెట్టుగా అలవాటు చేశాం. ఎప్పుడు నడవాలో, ఎక్కడ నడవాలో చెప్పే కట్టుబాటు తీసేస్తే వచ్చేది నిండు రక్షణ కాదు, ఎవరి అదుపులోనూ లేని హెచ్చుతగ్గులు.

దీన్ని ముందే ఊహించినవాళ్లున్నారు. అందుకే 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజలు ఇచ్చి చేను చుట్టూ వేయమన్నారు. విషం లేని ఆ మొక్కల మీద మామూలు పురుగులు బతికి, తట్టుకునే పురుగులతో కలిసి, ఆ గుణాన్ని పలుచన చేయాలన్నది ఆలోచన. ఆ చిన్న ప్యాకెట్ గట్టు మీదే పోయింది. ఎకరం చెల్కలో బతికే కౌలుదారు పురుగుకు తిండిగా ఐదు వరుసలు ఎందుకు వదలాలో ఎవరూ కూర్చుని చెప్పలేదు. ఆస్ట్రేలియా 1996లో మొదలుపెట్టిన తొలి బీటీ పత్తిని మొత్తం విస్తీర్ణంలో 30 శాతానికి మించనివ్వలేదు, విషం లేని పంటను, అంటే ఆశ్రయ పంటను, తప్పనిసరి చేసింది. అమెరికా నైరుతిలో ఆశ్రయ పంట, గొడ్డు పురుగుల విడుదల, పంట తీసేసే గడువు, బీటీ అన్నీ కలిపి వాడి, 2018లో గులాబీ రంగు పురుగు లేదని ప్రకటించారు. అదే జన్యువు, అదే పురుగు. తేడా అంతా అదుపులో.

మరో అభ్యంతరం నిజంగా లెక్కలోకి తీసుకోవాల్సింది. గులాబీ రంగు పురుగు గుడ్డు నుంచి బయటపడ్డ కొద్ది గంటల్లోనే కాయలోకి దూరిపోతుంది, మొక్క కబురు పంపి, కందిరీగ వచ్చేదాకా ఆగదు, కాబట్టి ప్రేరిత రక్షణ దీనికి ఆలస్యం. సరే. నిత్య రక్షణకు జీవలోకంలో చోటే లేదని నేను అనడం లేదు. అడవి పార్స్‌నిప్ అనే మొక్కలో ఎప్పుడూ దాడికి గురయ్యే పూత, కాయల్లో విషం పుట్టుకతోనే నిండుగా ఉంటుంది. అరుదుగా దెబ్బ తగిలే వేరులో దెబ్బ తగిలాకే పెరుగుతుంది. పత్తి గింజలో గాసిపోల్ కూడా పుట్టుకతో వచ్చిందే. దాడి ఎక్కడ నిశ్చయమో అక్కడ నిత్యం, ఎక్కడ అనిశ్చయమో అక్కడ ప్రేరితం: మొక్కలు ఈ పంపకం చేసుకున్నాయి. మనం చేసింది ఈ పంపకాన్ని తుడిచేయడం. ఆకుకు ఎక్కువ, కాయకు తక్కువ విషం పెట్టిన పత్తిని నిత్య రక్షణకు కూడా మంచి ఉదాహరణగా చూపలేరు.

గులాబీ రంగు పురుగును ఎదుర్కొనే పద్ధతిలో కూడా పసిగట్టడమే ముందు వస్తుంది. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితేనో, వంద పూలలో పది గుడ్డి పూలు కనిపిస్తేనో, పది కాయలు కోసి చూస్తే ఒకదానిలో బతికున్న పురుగు ఉంటేనో మందు కొట్టమని శాస్త్రవేత్తలు చెబుతారు. లేకపోతే కొట్టొద్దనీ చెబుతారు. ఆ రెండో సగం మన దుకాణాల్లో వినబడదు. డిసెంబరు చివరికి పంట తీసేసి, కట్టెను చేలో ఉంచకుండా చేస్తే పురుగుకు తిండి దొరికే రోజులు తెగిపోతాయి. ఆర్.ఎస్. ఘన్‌పూర్ రిజర్వాయర్ నీళ్లో, బోరు నీళ్లో అందిన చోట ఇంకో తీత కోసం పత్తిని ఫిబ్రవరి, మార్చి దాకా లాగితే వచ్చే ఏటి పురుగుకు మనమే కాపు కాసినట్టు. ఆ చివరి తీత మీద ఆశ నాకు అర్థమవుతుంది, అప్పు ఉన్నవాడు కాయను వదులుకోలేడు. అందుకే ఈ గడువు ఒక్కో రైతు నెత్తిన పెట్టేది కాదు, ఊరంతా ఒకేసారి పాటించేలా ప్రభుత్వం నష్టాన్ని పంచుకుని చేయాల్సిన పని.

ఇదంతా కాగితం మీద మాట అంటే, మన పక్కనే లింగాల ఘన్‌పూర్ మండలంలో ఏనెబావి ఉంది. ఊరు ఊరంతా రసాయన మందులు మానేసి వ్యవసాయం చేసి చూపింది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల పత్తి రైతులు అంతకు ముందే ఆ పని చేశారు. లద్దె పురుగు గుడ్లు పెట్టడానికి గట్ల మీద ఆముదం, శనగపచ్చ పురుగు కోసం బంతి, పక్షులు వాలడానికి కర్రలు, పురుగు కనబడితే వేప కషాయం. ఈ పద్ధతుల అసలు బలం వేపలో ఉందని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. ఆముదం ఆకు తిప్పి గుడ్ల సముదాయం చూసి తుంచేసే ఆడవాళ్ల కళ్లలో ఉంది ఆ బలం. ఏ రోజు చూడాలో, ఎక్కడ చూడాలో తెలిసిన ఆ చూపు తిరిగి చేలలోకి వచ్చాకే మిగతావన్నీ పనిచేశాయి.

ఇప్పుడు ఇంకో జన్యువు, ఆ తర్వాత ఇంకోటి కావాలని అడిగేవారికి నా జవాబు ఇది. తెండి, కానీ పాత పద్ధతిలో కాదు. దెబ్బ తగిలిన చోటనో, సంకేతం ఇచ్చినప్పుడో నడిచే ప్రమోటర్లు ప్రయోగశాలల్లో కొత్తవి కావు. ఒక రసాయనం తగిలినప్పుడే బీటీ విషాన్ని తయారు చేసే బ్రాకలీని కార్నెల్ విశ్వవిద్యాలయంలో 2001 నాటికే పెంచి చూశారు. జన్యువు గింజగింజకూ సమానంగా అందే సూటి రకాలు కావాలి, హైబ్రిడ్లు కాదు. తక్కువ కాలంలో కోతకు వచ్చేవి కావాలి. విస్తీర్ణానికి ఆస్ట్రేలియా పెట్టినట్టు హద్దు కావాలి. ఆశ్రయ పంట వేసిన రైతుకు ఆ వరుసల దిగుబడి నష్టం ప్రభుత్వమో కంపెనీయో చెల్లించాలి. ప్రతి మండలంలో బుట్టలు లెక్కపెట్టి, ఆ లెక్కను వారం వారం రైతుకు ఫోన్‌లో చెప్పే మనిషి కావాలి. ఈ షరతుల్లో ఒక్కటి కూడా ఒప్పుకోకుండా కొత్త జన్యువును 35ఎస్ వెనక పెట్టి మళ్లీ దేశమంతా చల్లితే, అది ఎన్నేళ్లు నిలుస్తుందో గుజరాత్ రెండుసార్లు చెప్పింది. ఆ మూడోసారి విత్తనం ధరా, మందు ధరా, వడ్డీ కట్టేది స్టేషన్ ఘన్‌పూర్ కౌలు రైతు.